పాలిమర్ తొడుగు తూటా

మందును, గుండును, మందుకు నిప్పు అంటించే ప్రైమర్‌ను ఒక్కటిగా పట్టి ఉంచే తొడుగును ఇత్తడితో కాకుండా గట్టి ప్లాస్టిక్‌తో పోతపోస్తే అది పాలిమర్ తొడుగు తూటా. అడుగుభాగం మాత్రం సాధారణంగా లోహంతోనే ఉంటుంది. బరువు తగ్గించడం, ఖరీదైన రాగి వాడకం తగ్గించడం దీని ఉద్దేశాలు. పన్నెండు బోర్ వేట తుపాకుల్లో ప్లాస్టిక్ తొడుగు అరవై ఏళ్ళ కిందటే కుదురుకుంది. రైఫిళ్ళలో ఇత్తడిని ఇంకా పక్కకు నెట్టలేకపోయింది.

తొడుగు పుట్టిన వైనం

అనంతపురం జిల్లా కుందుర్పి దుర్గాన్ని పాళెగాళ్ళు ఏలిన కాలంలో తూటాకు తొడుగే లేదు. 1800లో దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చేనాటికి కూడా పాళెగాళ్ళ బంట్లు వాడినవి వత్తితో ముట్టించే తుపాకులే. గొట్టం మూతి నుంచి మందు పోయాలి, గుడ్డపీలిక కూరాలి, సీసపు గుండు వేసి గజంతో దట్టించాలి. వాన చినుకు పడితే మందు తడిసిపోయేది. మూతి నుంచి దట్టించే ఈ పద్ధతి నాటు తుపాకుల్లో నేటికీ బతికే ఉంది.

దీనికంటే మెరుగైనది కాగితపు పొట్లం. ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కోసం ఇచ్చిన ఆ పొట్లాలను నోటితో కొరికి మందు పోయాల్సి వచ్చేది. వాటికి ఆవు, పంది కొవ్వు పూశారన్న అనుమానమే 1857లో సిపాయిలను రగిలించింది. 1866లో స్నైడర్ రైఫిల్ కోసం కల్నల్ బాక్సర్ ఇత్తడి రేకు చుట్టిన తూటా తయారుచేశాడు. పుణె దగ్గరి ఖడ్కీలో మందుగుండు కర్మాగారం 1869లో మొదలైంది. క్రమంగా 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు కలిసిన ఇత్తడి ప్రపంచమంతటా స్థిరపడింది.

ఇత్తడి ఇంతకాలం నిలవడం ఊరికే జరగలేదు. పేలిన క్షణంలో తొడుగు ఉబ్బి, తూటా కూర్చునే చాంబర్ గోడలకు అదుముకుంటుంది. దాంతో వేడి వాయువు వెనక్కి, కాల్చేవాడి ముఖం మీదికి రాకుండా దారి మూసుకుపోతుంది. ఒత్తిడి తగ్గగానే అదే ఇత్తడి కాస్త ముడుచుకుని సులువుగా ఊడివస్తుంది. బయటికి వస్తూ కొంత వేడిని తనతో తీసుకుపోతుంది. ఈ మూడు పనులూ ఒకే లోహం చేస్తుంది కాబట్టే దానికి ప్రత్యామ్నాయం వెతకడం ఇంత కష్టమైంది.

పన్నెండు బోర్‌లో విజయం

వేట తుపాకులకు చాలాకాలం అట్ట తొడుగు తూటాలు వాడారు. చెమ్మ తగిలితే అవి ఉబ్బి చాంబర్‌లో దూరేవి కావు. 1960లో అమెరికాలో రెమింగ్టన్ కంపెనీ పాలిథిలిన్ తొడుగు తూటాలను మార్కెట్లోకి తెచ్చింది. తడికి లొంగని ఈ తూటా కొద్ది ఏళ్ళలోనే అట్టను వెనక్కి నెట్టింది. మన దేశంలో ఖడ్కీ కర్మాగారం తయారుచేసే 'శక్తిమాన్ ఎక్స్‌ప్రెస్' తూటా కూడా ప్లాస్టిక్ తొడుగుదే. బ్యాంకు గుమ్మం దగ్గర డబుల్ బ్యారెల్ పట్టుకున్న గార్డు నడుము బెల్టులో వరసగా కనిపించేవి ఇలాంటివే: పైన ప్లాస్టిక్ గొట్టం, కింద లోహపు టోపీ. 2016 రియో ఒలింపిక్స్‌లో ట్రాప్ పోటీలో దిగిన హైదరాబాద్ షూటర్ కైనాన్ చెనాయ్ ఆటలోనూ ప్లాస్టిక్ తొడుగు తూటాలే నడుస్తాయి.

ఇక్కడ ప్లాస్టిక్ నిలబడిందంటే కారణం తక్కువ ఒత్తిడి. పన్నెండు బోర్‌లో గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 11,500 పౌండ్ల దగ్గర ఉంటుంది. .308 రైఫిల్లో అది 62,000.

రైఫిల్లో తడబాటు

1989-90లో అమెరికా సైన్యం జరిపిన కొత్త రైఫిళ్ళ పరీక్షలకు ఆస్ట్రియాకు చెందిన స్టెయిర్ ప్లాస్టిక్ తొడుగులో బాణంలాంటి సన్నని గుండు పెట్టి తెచ్చింది. పరీక్షలకు వచ్చిన ఏ రైఫిల్నీ సైన్యం తీసుకోలేదు. తర్వాతి పెద్ద ప్రయత్నం అదే సైన్యం పెట్టిన 6.8 మి.మీ. తూటా పోటీ. టెక్సస్‌లోని ట్రూ వెలాసిటీ పాలిమర్ తొడుగుతో చివరి దశ దాకా వచ్చింది. 2022 ఏప్రిల్‌లో సైన్యం సిగ్ సావర్‌ను ఎంచుకుంది. ఆ కంపెనీ తూటా తొడుగుకు అడుగు ఉక్కు, ఒళ్ళు ఇత్తడి. పెద్ద మెషిన్‌గన్ల విషయంలో మాత్రం పాలిమర్‌కు కొంత చోటు దొరికింది: 2020లో అమెరికా మెరైన్లు .50 క్యాలిబర్ పాలిమర్ తూటాలకు కాంట్రాక్టు ఇచ్చారు.

లాభం, నష్టం

7.62 మి.మీ. నాటో తూటా బరువు దాదాపు 24 గ్రాములు. అందులో సుమారు సగం ఇత్తడి తొడుగుదే. పాలిమర్ వాడితే తూటా మొత్తం మీద దాదాపు 30 శాతం బరువు తగ్గుతుందని తయారీదారులు చెబుతారు. వందల తూటాలు మోసే సైనికుడికి ఇది నిజమైన ఊరట. ప్లాస్టిక్ వేడిని అంత తొందరగా చాంబర్‌కు అందించదు, తుప్పు పట్టదు.

అసలు చిక్కు అతుకు దగ్గర. తుపాకీలోని కొక్కెం అడుగు అంచును పట్టి లాగినప్పుడు లోహపు అడుగు ఊడి చేతికి వచ్చి, ప్లాస్టిక్ గొట్టం చాంబర్‌లోనే ఉండిపోవచ్చు. అప్పుడు ఆ తుపాకీ కర్రతో సమానం. మెడ దగ్గర చిట్లడం మరో లోపం. గట్టిదనం కోసం గోడ మందంగా పోస్తే లోపల మందుకు చోటు తగ్గుతుంది. ఎడతెరిపి లేకుండా కాల్చి కాగిపోయిన చాంబర్‌లో ప్లాస్టిక్ మెత్తబడే ప్రమాదమూ ఉంది. ఇత్తడి తొడుగులో మళ్ళీ మందు నింపి పలుమార్లు వాడుకునే షూటర్లకు పాలిమర్ బొత్తిగా గిట్టుబాటు కాదు.

మెట్ట ప్రాంతంలో వాడకం

కుందుర్పి చుట్టుపక్కల వేరుశనగ రైతుకు అడవిపందితో నిత్యం పోరే. అయినా తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి విడిగా ఉండాలి. అనుమతి ఉన్నచోట పొలంలో దగ్గరి నుంచి ఒకటి రెండు తూటాలు కాల్చే మనిషికి బరువు సమస్యే కాదు. పన్నెండు బోర్ ప్లాస్టిక్ తూటా అతనికి చాలు, పాలిమర్ రైఫిల్ తూటా కోసం ఎదురుచూడాల్సిన పని లేదు.

వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఈ సీమలో తూటాలను రేకుల కొట్టంలోనో, ఎండలో నిలిపిన వాహనంలోనో ఉంచకూడదు. వేడికి మందు చెడుతుంది. కాల్చాక ఖాళీ తొడుగులను ఏరుకోవాలి. ఇత్తడిని పాత సామాన్లవాడు కొంటాడు. ప్లాస్టిక్‌ను ఎవరూ కొనరు, మట్టీ తినదు, పంట కోశాక అదే చేలో గొర్రెలు మేస్తాయి.