చిత్తూరు సీమలో ఈర్పెన చరిత్ర

బడి ఈడు పిల్లల తలలో పేలు పడటం, వాటిని తీసిన పది పదిహేను రోజులకే మళ్ళీ పడటం చిత్తూరు, తిరుపతి ప్రాంతపు పల్లెల్లో తరతరాలుగా ఎంత మామూలు సంగతి అంటే, రాతల్లో దానికి దాదాపు చోటే దక్కలేదు. శాసనాలు గుడి మాన్యాలను, చెరువుల తవ్వకాన్ని చెప్పాయి, కంపెనీ కాలపు దస్తావేజులు శిస్తును, కరువును లెక్కించాయి; తిన్నె మీద కూర్చుని కూతురి తల చూసిన తల్లి శ్రమను మాత్రం ఎవరూ లెక్కకట్టలేదు. అందువల్ల ఈ చరిత్రను వైద్య గ్రంథాల్లోనూ, దువ్వెనలు చేసి బతికిన వారి వృత్తిలోనూ, తిరుమల మొక్కులోనూ, ఇరవయ్యో శతాబ్దపు రసాయనాల్లోనూ విడివిడిగా వెతికి కూర్చుకోవలసి ఉంటుంది. అలా కూర్చి చూసినప్పుడు, మందులు కాలానికొకటి చొప్పున మారుతూ వచ్చినా, పేలను నిలకడగా వదిలించినది దువ్వెన పట్టిన చెయ్యి, ఆ చేతికి దొరికిన తీరిక అని తేలుతుంది.

తలపేను మనిషి తల మీద మాత్రమే బతికే, రెక్కలు లేని పురుగు. అది ఎగరలేదు, గెంతలేదు. ఒక తల మరో తలకు తగిలినప్పుడు వెంట్రుక పట్టుకుని పాకిపోతుంది. తలలు ఆనించుకుని ఆడుకునే, ఒకే చాప మీద పడుకునే ఈడు బడి ఈడే కనుక ఆ పిల్లలకే ఈ బాధ ఎక్కువ. ఆడపేను రోజుకు 8 వరకు గుడ్లు పెట్టి, ఒక్కొక్కదాన్నీ కుదురుకు దగ్గరగా వెంట్రుకకు జిగురుతో అతికిస్తుంది. ఈ గుడ్డునే ఈరు అని, ఈపి అని అంటారు. ఈరు 7 నుంచి 10 రోజుల్లో పగిలి పిల్లపేను బయటికి వస్తుంది, మరో పది రోజులకు అటూఇటూగా అది పెద్దదై తానూ గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది, తల మీద నెల రోజుల వరకు బతుకుతుంది, తలను విడిచి కింద పడితే ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. పేలు తిరిగి తిరిగి రావడానికి కారణం ఈ లెక్కలోనే ఉంది. పెద్ద పేలన్నీ చచ్చినా జిగురులో ఉన్న ఈర్లు మిగిలితే వారం పది రోజులకు కొత్త సంతానం సిద్ధమవుతుంది. ఒక పిల్ల తల బాగుపడినా చెల్లెలి తల, బడిలో పక్కన కూర్చునే పిల్ల తల అలాగే ఉంటే పడిన కష్టమంతా మొదటికి వస్తుంది.

ప్రాచీన వైద్యులకు ఈ పురుగు బాగా తెలుసు. చరక సంహిత విమానస్థానంలో క్రిముల గురించి చెప్పే ఏడో అధ్యాయం, ఒంటి పైమలంలో పుట్టే క్రిములను వేరుగా తీసి, అవి నువ్వుగింజ ఆకారంలో అనేక పాదాలతో ఉంటాయని, జుట్టును, గడ్డాన్ని, కనురెప్పల వెంట్రుకలను, బట్టలను ఆశ్రయిస్తాయని, దురదను, దద్దుర్లను పుట్టిస్తాయని చెబుతుంది. వాటికి అది చెప్పిన చికిత్సలో మొదటిది అపకర్షణం, అంటే పట్టి లాగివేయడం. మలాన్ని పోగొట్టడం, మలం చేరనివ్వకపోవడం ఆ తరువాత వస్తాయి. మూలికలతో ఇంత విస్తారమైన పరిచయం ఉన్న శాస్త్రం ఈ ఒక్క చోట చేతిపనిని ముందు నిలిపిందంటే, దాని వెనుక ఎంతో కాలం చూసిన అనుభవం ఉండి తీరాలి. అయితే పేను మురికి వల్ల పుడుతుందన్న అదే గ్రంథపు అభిప్రాయం సరైనది కాదు. శుభ్రంగా తలంటుకున్న జుట్టులోనూ పేను అంతే సుఖంగా బతుకుతుంది. మురికి వల్లనే పేలు పడతాయన్న ఆ నమ్మకం నేటికీ బడుల్లో పేద ఇంటి ఆడపిల్లలను దూరంగా కూర్చోబెట్టేలా చేస్తోంది కనుక దాన్ని పాత పొరపాటుగా తీసి పక్కన పెట్టడానికి వీలులేదు. పేను, ఈరు ఆనాటి జీవితంలో ఎంత దగ్గరివో చెప్పే మరో సాక్ష్యం కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఉంది: అందులోని కొలతల పట్టికలో 8 లిక్షలు, అంటే ఈర్లు, ఒక యూక, అంటే పేను, 8 యూకలు ఒక యవగింజ వెడల్పు, 8 యవలు ఒక అంగుళం. కొలతకు వాడుకోదగినంతగా అందరి కంటికీ అలవాటైన పరిమాణం అది.

లాగివేయడానికి పనిముట్టు కావాలి. ఇజ్రాయెల్ దేశంలోని లాకిష్ తవ్వకాల్లో దొరికిన, క్రీస్తుకు పూర్వం సుమారు 1700 నాటిదని పండితులు నిర్ణయించిన చిన్న దంతపు దువ్వెనకు ఒక పక్క చిక్కు తీసే 6 లావు పళ్ళు, మరో పక్క పేలు తీసే 14 సన్నని పళ్ళు ఉండేవి. దాని మీద కనాను లిపిలో చెక్కినది, 2022లో చదివి ప్రకటించినది, తలలోని గడ్డంలోని పేలను ఈ దువ్వెన వదిలించాలన్న కోరిక. తెలుగు ఇళ్ళలోని ఈర్పెనది కూడా ఇదే తీరు. చిక్కు దువ్వెన కంటే చిన్నదై, రెండు వైపులా లేదా ఒక వైపు వెంట్రుక మాత్రమే దూరగలిగినంత ఇరుకైన పళ్ళు ఉన్న కొయ్య దువ్వెన అది. వెంట్రుకకు అతుక్కున్న ఈరును ఆ ఇరుకులో పట్టి కిందికి జార్చడం దాని పని.

అంత సన్నని పళ్ళను చెక్కలో చేత్తో కోయడం తేలిక కాదు. నార పొడవునా పళ్ళు రావాలి, కోస్తుండగా చీలకూడదు, నూనె తగిలి ఉబ్బకూడదు, నెత్తిని గీరకూడదు. అందుకు దగ్గర నార గల గట్టి కొయ్య కావాలి. 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథం, ఊరూరా గడ ఎక్కి సాము చేసే డొమ్మరుల గురించి చెబుతూ, వారిలో స్థిరపడిన కొందరు వ్యవసాయ కూలీలుగా బతుకుతుంటే మరికొందరు దువ్వెనలు చేసి టోకు వర్తకులకు అమ్ముతారని, అందుకు నెరిజ, కొరివిపాల, పాపిడి, మర్రి మొదలైన చెట్ల కొయ్యను వాడతారని పేర్కొంది. వీటిలో కొరివిపాల, పాపిడి శేషాచలం కొండలవంటి పొడి అడవుల్లో పెరిగే చిన్న చెట్లు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడక ముందు ఈ ప్రాంతంలో చాలా భాగం చిత్తూరు కేంద్రంగా ఉన్న ఉత్తర ఆర్కాటు జిల్లాలోను, మదనపల్లె వైపు భాగం కడప జిల్లాలోను ఉండేవి. కొండ కొయ్యను, దేశసంచారపు నైపుణ్యాన్ని కలిపిన ఈ పని ఆనాటి పాలనా సరిహద్దులను పట్టించుకునే రకం కాదు. గడసాము చూడటానికి ఊరంతా చేరేది, చూసిన వారు దాన్ని రాసిపెట్టారు. అదే మనుషులు చెట్టు కింద కూర్చుని కోసిన దువ్వెన మాత్రం ప్రతి ఇంటి గూటిలోకీ చేరి, చేసిన వారి పేరు లేకుండా అరిగిపోయింది. పూసలు, సూదులు, పిన్నీసులతో పాటు దువ్వెనలను గంపలో పెట్టుకుని వీధి వీధి తిరిగి అమ్మిన పూసలవాళ్ళది కూడా ఈ చరిత్రలో పెద్ద భాగమే.

దువ్వెన కొన్నంత మాత్రాన పని జరగదు. వంట ముగిసి పొలం పని లేని మధ్యాహ్నం, వెలుతురు బాగా పడే తిన్నె మీద ఒకరి వెనుక ఒకరు కూర్చుని, ముందున్న వారి జుట్టును పాయలు పాయలుగా విడదీసి, నూనె రాసి, కుదురు నుంచి చివరి దాకా ఈర్పెన లాగి, చిక్కినదాన్ని రెండు బొటనవేళ్ళ గోళ్ళ మధ్య నొక్కి చంపే ఈ పనికి ఒక్కో తలకు గంట దాకా పట్టేది. నూనె పేను నడకను మందగింపజేస్తుంది, దువ్వెనను జారనిస్తుంది. వారానికోసారి ఆముదమో కొబ్బరినూనో పట్టించి, సీకాయతోనో కుంకుడుకాయతోనో తలంటి, తడి ఆరకముందే మళ్ళీ దువ్వే అలవాటు, ఈరు పగిలే వ్యవధికి దాదాపు సరిపోయింది. పురుగు జీవితచక్రం పుస్తకాల్లో చదవని స్త్రీలు దాని గడువును వారం లెక్కన పట్టుకోగలగడం నిజమైన విజ్ఞానం. ఇంట్లోని ఆడపిల్లలందరి తలలూ, పక్కింటి పిల్లల తలలూ ఒకే మధ్యాహ్నం చూసేవారు కనుక ఒకరి నుంచి ఒకరికి తిరిగి పాకే అవకాశం కూడా తగ్గేది.

చేతిపనికి తోడుగా వాడిన ద్రవ్యాలలో వేపనూనె, కానుగ నూనె, వస కొమ్ము పాతవి. సీతాఫలం గింజల పొడి అంత పాతది కాదు. ఆ చెట్టు అమెరికా ఖండాలది. పోర్చుగీసు వారి రాకపోకలతో ఈ దేశానికి చేరిందని సాధారణంగా చెబుతారు. అంటే, కొండవాలుల్లో తనంతట తానే మొలిచి పూర్తిగా ఈ నేలదే అనిపించే చెట్టు గింజను నూరి నూనెలో కలిపి తలకు పట్టించే ఈ వైద్యం, కొన్ని వందల ఏళ్ళ లోపు ఇక్కడి పల్లెల్లో అలవాటైనదే. గింజలోని అసిటోజెనిన్లు అనే పదార్థాలు పురుగును చంపుతాయని తరువాత రసాయనశాస్త్రం నిర్ధారించింది. ఆ పొడి కంటిలో పడితే నల్లగుడ్డు మీది పొర దెబ్బతిని తీవ్రమైన నొప్పి, చూపు మసకబారడం కలుగుతాయని కంటి వైద్యులు నమోదు చేశారు కనుక, పిల్లల తలకు దాన్ని వాడటం మానడమే మేలు. పేలకు ఇలాగే వాడిన కాకమారి గింజ విషం. కిరోసిను ఒంటిని కాల్చగలదు, నిప్పంటుకోగలదు. ఇంటి వైద్యమంతా నిరపాయమన్న నమ్మకాన్ని ఇక్కడి అనుభవం సమర్థించదు.

తిరుమల తలనీలాల మొక్కు పుట్టింది భక్తిలో. పేలతో దానికి శాస్త్ర సంబంధం లేదు. పుట్టువెంట్రుకలు తీయించడం, గండం గడిస్తే తల ఇస్తానని మొక్కుకోవడం ఈ ప్రాంతపు ఇళ్ళలో శుభకార్యాలు. అయినా ఎండాకాలపు సెలవుల్లో కొండకు పోయి గుండ్లతో దిగివచ్చి, జూన్‌లో బడికి చేరే పిల్లలకు ఆ మొక్కు వల్ల కలిగే మేలు తల్లులకు తెలియనిది కాదు. ఈరు కుదురుకు దగ్గరగా వెంట్రుకకే అతికి ఉంటుంది కనుక, కత్తి పడితే పేనుకు పట్టు, గుడ్డుకు చోటు రెండూ పోతాయి. కొండ మీది గుడిపై హథీరాంజీ మఠం మహంతుల పాలన 1933లో ముగిసి దేవస్థానం ఏర్పడిన తరువాత, 1944లో మొదటి ఘాటు రోడ్డు వచ్చాక, కొండకు వచ్చే జనం పెరిగిన కొద్దీ కల్యాణకట్ట, అంటే తలనీలాలు తీసే శాల, పెద్ద వ్యవస్థగా ఎదిగింది. నాయీబ్రాహ్మణుల నైపుణ్యమే దానికి ఆధారం. అక్కడ పోగైన జుట్టు వేలంలో అమ్ముడై విగ్గుల పరిశ్రమకు చేరినప్పుడు, దాన్ని కడిగి, ఈర్లు పోయేలా దువ్వి శుద్ధి చేయడం మళ్ళీ మనుషుల చేతుల మీదే పడింది. మొక్కు పేరున సంతోషంగా ఇచ్చే గుండుకు, పేల పేరున వసతి గృహంలో ఆడపిల్లకు బలవంతంగా చేయించే గుండుకు మాత్రం పోలిక లేదు; రెండోది పిల్ల మనసుకు అవమానమే.

రసాయనాల యుగం చేతిపనిని అనవసరం చేస్తుందనిపించింది. 1939లో డీడీటీ పురుగులను చంపే గుణాన్ని స్విట్జర్లాండు శాస్త్రవేత్త పాల్ ముల్లర్ కనుగొన్నాడు. 1943-44లో ఇటలీలోని నేపుల్స్ నగరంలో ఒంటిపేలు మోసే టైఫస్ జ్వరాన్ని ఆ పొడితో అదుపు చేయడం ప్రపంచానికి పెద్ద ఆశ కలిగించింది. తలపేను టైఫస్‌ను వ్యాపింపజేయదు గానీ, పొడి మీది నమ్మకం దానికీ పాకింది. తరువాత లిండేన్ లోషను, ఆ పైన పెర్మెత్రిన్, మెడికర్ వంటి షాంపూలు అంగళ్ళలోకి వచ్చాయి. నాడీమండలానికి హాని చేసే లిండేన్‌ను 2009లో స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధ పట్టికలో చేర్చి, పేలకు, గజ్జికి మందుగా వాడటానికి మాత్రం తాత్కాలిక మినహాయింపు ఇచ్చింది. పెర్మెత్రిన్ ఈరును పూర్తిగా చంపలేదు కనుక 7 నుంచి 10 రోజులకు రెండోసారి పూయాలి. ఒక్కసారి పూసి సీసా మూసేసిన ఇళ్ళలో పేలు తిరిగి వచ్చాయి, చాలా దేశాల్లో ఆ మందుకు లొంగని పేలు కూడా తయారయ్యాయి. 2005లో బ్రిటన్‌లో ప్రచురితమైన ఒక పరీక్షలో, తడి జుట్టును సన్నని దువ్వెనతో కొన్ని రోజులకోసారి దువ్విన పిల్లల్లో 57 శాతం మందికి, అక్కడి అంగళ్ళలో దొరికే మందు వాడిన వారిలో 13 శాతం మందికి మాత్రమే పేలు పోయాయి.

ప్లాస్టిక్ అచ్చులు వచ్చాక కొయ్య ఈర్పెన చేసేవారికి బతుకుతెరువు పోయింది. అచ్చులో పోసిన ప్లాస్టిక్ పళ్ళు వంగి ఈరును వదిలేస్తాయి. నేడు అమ్ముతున్న ఉక్కు పళ్ళ దువ్వెన ఆ లోటు తీరుస్తుంది. తీరని లోటు మధ్యాహ్నపు తీరికది. తల్లులు కూలికి, కంపెనీలకు పోతున్నారు, ఆడపిల్లలు సాంఘిక సంక్షేమ వసతి గృహాల్లో, 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో, పదుల మంది పక్కపక్కనే పడుకునే గదుల్లో చదువుకుంటున్నారు. అక్కడ ఒక పిల్లకు షాంపూ ఇచ్చి పంపడం వల్ల ఒరిగేదేమీ లేదు. గదిలోని అందరి తలలకూ ఒకే రోజు మందు పూసి, తొమ్మిదో రోజున మళ్ళీ పూసి, నడుమ రెండు మూడు రోజులకోసారి ఉక్కు దువ్వెనతో తడి జుట్టు దువ్వుకునేందుకు గంట సమయం, వెలుతురు గల వరండా, పెద్దపిల్లలకు చిన్నపిల్లల తల చూడటం నేర్పే ఒక ఆయా ఉండాలి. వసతి గృహాల దినచర్యలో ఆ గంటకు ఆదివారం ఉదయం చోటు కల్పించడం అసాధ్యమేమీ కాదు.