జలసూత్ర సింగాయ భట్టు వేసిన సైకిల్ దారి

పెన్నా నదిని పెనుకొండకు తీసుకురమ్మని 1388లో ఒక మనిషికి రాజాజ్ఞ అయింది. ఆజ్ఞ ఇచ్చినవాడు రెండో హరిహర రాయల కొడుకు బుక్కరాయలు, అప్పట్లో పెనుకొండ సీమకు పాలకుడు. అందుకున్నవాడు జలసూత్ర సింగాయ భట్టు. పది విద్యల్లో ఆరితేరినవాడని శాసనం ఆయన్ని మెచ్చుకుంటుంది. ఆయన నదిని మళ్లించి, సిరువెర చెరువు దాకా కాలువ తవ్వించి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని పేరు పెట్టి, సంగతంతా రాతి మీద చెక్కించాడు. హిందూపురం దాటి కర్ణాటకలో అడుగుపెట్టగానే వచ్చే గౌరీబిదనూరు సీమలో, కల్లూడి దగ్గర ఉందా శాసనం. రాజుల పేర్లు రాళ్ల మీద కొల్లలు. ఒక ఇంజనీరు పేరు ఆయన విద్యతో సహా ఆరు వందల ఏళ్లు నిలిచి ఉండటం చూసి నాకు పట్టలేనంత సంతోషం కలిగింది.

నేను ఈ శాసనం జోలికి పోయింది సైకిల్ దారుల కోసం. వెనక లారీ హారన్ వినబడకుండా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతంలో హాయిగా సైకిల్ తొక్కే చోటు ఏదంటే, అందరూ చెయ్యి చూపేది చెరువు కట్ట వైపో కాలువ గట్టు వైపో. 44వ నంబరు జాతీయ రహదారి పెనుకొండ పక్క నుంచే పోతుంది. ఎర్రమంచిలో 2019లో కియా కార్లు తయారవడం మొదలైనప్పటి నుంచి ఆ చుట్టుపక్కల బండ్ల రాకపోకలు ఇంకా పెరిగాయి. ఆ దారిలో సైకిల్ అంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడమే. మరి ఈ కట్టల మీద దారి ఎవరు వేశారు, ఎవరి కోసం వేశారు అని వెతుకుతూ పోతే సింగాయ భట్టు తగిలాడు.

కాలువ తవ్వేవాడికి వాలు ప్రాణం. వాలు ఎక్కువైతే నీళ్లు గట్టును కోసేస్తాయి, తక్కువైతే కదలవు. అందుకే కాలువ గుట్టల నడుము పట్టుకుని, ఎత్తుపల్లాలు తప్పించుకుంటూ, ఉందా లేదా అనిపించే వాలుతో సాగుతుంది. దాని గట్టు కూడా అలాగే ఉంటుంది. కాళ్లకు సుఖమైన దారి కావాలంటే సైకిల్ తొక్కేవాడు కోరేదీ అదే. నీళ్లకు వేసిన కొలత మనిషికి సరిపోయింది.

ఇక్కడ కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 1369 నాటిది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి నుంచి పాలిస్తూ అనంతరాజ సాగరమనే ఈ చెరువు కట్టించాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. ఈ లెక్క రాసి ఊరుకోలేదు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు కూడా చెప్పారు. ధర్మం, ధనం, కీర్తి మీద ఆశ ఉన్న రాజు కావాలి. నీటి శాస్త్రం తెలిసిన పండితుడు కావాలి. గట్టి బంకనేల కావాలి. మూడు యోజనాల దూరం నుంచి వచ్చే తియ్యటి నీటి నది కావాలి. కట్ట ఆనుకోవడానికి గుట్టలు, ఆ రెంటి నడుమ మరీ పొడవు కాని గట్టి రాతి కట్ట, విశాలంగా లోతుగా ఉండే గర్భం, దగ్గర్లోనే పొడవాటి రాళ్లు దొరికే గని, పని తెలిసిన మనుషులు... ఇలా సాగుతుంది. ఇన్ని తెలిసినవాళ్లు వేసిన కట్ట కాబట్టే దానిమీద మన చక్రం తిరుగుతోంది.

ఆ తర్వాత ఆరు దోషాలు. కట్ట నుంచి నీరు ఊరడం మొదటిది. చవిటి నేల, గర్భం మధ్యలో తాబేటి వీపులా మిట్ట, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నేల తక్కువై నీళ్లు ఎక్కువ కావడం. ఇంకొకటి రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం. నన్ను కట్టిపడేసింది ఈ చివరిది. ఆ దోషం హిందూపురం సీమను వదల్లేదు. పెన్నా, చిత్రావతి రెండూ నంది కొండల్లో పుట్టి ఇటు వస్తాయి. పైన మైసూరు చెరువులు నింపుకుంటే కింద ఏం మిగులుతుందన్న తగాదా పెరిగి, 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు ఒప్పందం రాసుకున్నాయి. అందులోని నదుల పట్టికలో ఈ రెండూ ఉన్నాయి. శాసనం రాసినవాళ్లు ఐదు వందల ఏళ్ల ముందే దాన్ని చెరువుకు పట్టే జబ్బుగా గుర్తించారు.

1565లో తళ్లికోట పోరులో ఓడాక విజయనగర రాజులు పెనుకొండకు చేరారు. ఆ తర్వాత పాలెగాళ్లు, బీజాపురం, మరాఠాలు, హైదరు, టిప్పు. సీమ చేతులు మారుతూ పోయింది, కట్టలు నిలిచాయి. 1800లో నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషువాళ్లకు ఇచ్చాక వచ్చిన కలెక్టరు థామస్ మన్రో, చెరువుకు అనువైన చోటల్లా ఊళ్లవాళ్లు ముందే చెరువు కట్టేశారు, కొత్తవాటికి జాగా దాదాపు లేదు అన్న అర్థంలో రాశాడు.

దారి మాటకొస్తే, కట్ట కట్టగానే దారి అయిపోదు. రోజూ దానిమీద ఎవరో నడవాలి. ఆ పని నీరుగంటిది. పొద్దున్నే కట్ట పొడవునా నడిచి, తూము దగ్గర ఆగి, ఏ మడికి ఎంత నీరు అని చూసుకుని, మిగులు నీరు పొర్లిపోయే మరవ దాకా పోయి వచ్చేవాడు. ఎలుక బొక్క కనబడినా, రాతి కట్టుబడిలో ఒక రాయి జారినా ముందు తెలిసేది ఆయనకే. చెరువు బాగు చూసేవాళ్లకు దశబంధం ఇనాములుండేవి. పంటలో నీరుగంటికీ వాటా ఉండేది. ఇనాములు పోయాయి, బోర్లు వచ్చాయి, కట్ట మీద నడిచే పాదం తగ్గింది. మనం పోగొట్టుకున్న వాటిలో ఇంత చిన్నగా కనబడి ఇంత పెద్ద నష్టం చేసింది ఇంకొకటి లేదని నా నమ్మకం.

సైకిల్ ఇక్కడికి ఆలస్యంగా వచ్చింది. ఇప్పుడు మనం తొక్కే రూపానికి మూలం 1885లో ఇంగ్లాండులో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ పట్టణంలో సైకిళ్లకంటూ వేరే బాట వేసింది కూడా 1885లోనే. మన దగ్గర 1949లో మొదలైన అంబత్తూరు కంపెనీ హెర్క్యులిస్ సైకిళ్లతో ఊరూరికీ చేరింది. పాల క్యాన్లు, పట్టుగూళ్లు, ధర్మవరం చీరల మూటలు క్యారియర్ ఎక్కాయి. బండి గాడులు పడ్డ రోడ్డుకన్నా పాదాలు నున్నగా చేసిన కట్ట నయమని తొక్కేవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

    

కట్టలంటే అనంతపురం వాళ్లకు గుర్తొచ్చేది ముసలమ్మ. బుక్కరాయసముద్రం చెరువు తెగబోతుంటే తనను తాను బలి ఇచ్చుకున్న కోడలి కథ అది. కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణం’ కావ్యంగా రాశారు. కట్ట తెగితే ఊరు పోతుందన్న భయం ఎంత నిజమో ఆ కథ చెబుతుంది. ఆమె పేరుతో ఉన్న ముసలమ్మ కట్ట ఇప్పుడు తాడిపత్రి బస్సుల దారి. సైకిల్ తొక్కేవాళ్లకు ఆ కట్ట లేకుండా పోవడం నాకు బాధగా ఉంది.

దొరికే దారి ఇంకా ఉంది. హిందూపురం నుంచి లేపాక్షికి పదిహేను కిలోమీటర్లు. అక్కడి చెరువు కట్ట చూసుకుని చిలమత్తూరు వైపు తిరిగితే వీరాపురం వస్తుంది. చలికాలంలో ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి నడుమ చింతచెట్ల మీదే గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచుకుని వెళ్తాయి. వాటిని సైబీరియా కొంగలంటారు కానీ అవి మన దేశపు పక్షులే. చుట్టూ చెరువుల్లో చేప ఉన్నంత కాలమే వాటి రాక. అటు చిత్రావతి వెంట బుక్కపట్నం చెరువు, ధర్మవరం చెరువు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్, పైన సౌర ఫలకాల కప్పుతో 2023లో తెరిచారు. మంచి పని. మనకు అంత ఖర్చు అవసరం లేదు. కట్ట మీద సర్కారు తుమ్మ కొట్టేయాలి. దాని ముల్లు టైరును, ట్యూబును కలిపి గుచ్చుతుంది. దాని వేరు కట్టను గుల్ల చేస్తుంది. రెండు చివర్లా ఇసుక ట్రాక్టర్లు దూరకుండా రాతి కంబాలు పాతాలి. పైన తారు వెయ్యకుండా మట్టి దారిగానే ఉంచాలి.

తొక్కేవాళ్లకు ఒక మాట. మరవ పారుతున్నప్పుడు దాటకండి. కట్ట బయటి వాలు తడిగా కనబడితే, రాయి జారి ఉంటే, ఫొటో తీసి నీటిపారుదల శాఖ వాళ్లకు, ఊరి సర్పంచికి చెప్పండి. పోరుమామిళ్ల శాసనం మొదటి దోషంగా రాసింది దాన్నే.