ఉచిత సినిమాకు పుట్టిల్లు క్యాసెట్ కొట్టు

రాత్రి అన్నాలు తిన్నాక ఫోన్లో ఓ పాత తెలుగు సినిమా పెట్టుకున్నారనుకోండి. పైమూల ఓ వీడియో కంపెనీ ముద్ర కదలకుండా కూర్చుని ఉంటుంది. బొమ్మ అడుగున తెల్లటి గీతలు కాసేపు జరజరా పాకి మాయమవుతాయి. మంచి పాట మధ్యలో కింద ఓ పట్టీ వస్తుంది. దాని మీద కంపెనీ చిరునామా, ఆరంకెల ల్యాండ్‌లైన్ నంబరు. ఆ నంబరు పనిచేయడం మానేసి ఎన్నేళ్లయిందో! సినిమా మాత్రం నడుస్తూనే ఉంటుంది. మీరు పైసా కట్టలేదు, చందా లేదు, పాస్‌వర్డు లేదు.

ఆ గీతలు, ఆ ముద్ర, ఆ నంబరు చూసి చాలామంది విసుక్కుంటారు. నాకైతే అవి పుట్టుమచ్చల్లా కనిపిస్తాయి. ఆ సినిమా ఏ దారిన నడిచి మన అరచేతిలోకి వచ్చిందో అవే చెబుతాయి. చందా కట్టకుండా నెట్‌లో సినిమా చూడటం అనగానే దొంగ సైట్లే గుర్తుకు రావడం మన దురదృష్టం. న్యాయంగా, హక్కుదారు అనుమతితోనే, ఉచితంగా చూడగల తెలుగు సినిమాలు వందల కొద్దీ ఉన్నాయి. వాటి వంశవృక్షం పట్టుకుని వెనక్కి వెళితే మనం తేలేది ఏ అమెరికా కంపెనీ గుమ్మంలోనూ కాదు. మన ఊరి బస్టాండు పక్కన అద్దాల బీరువాలో అట్టపెట్టెలు పేర్చుకున్న క్యాసెట్ కొట్టులో.

అంతకన్నా ముందు మాట ఒకటుంది. డబ్బు కట్టకుండా తెర ముందు కూర్చోవడం మన పల్లెలకు 1975లోనే తెలుసు. ఆ ఏడాది ఆగస్టు 1న అమెరికా నుంచి ఏడాదికి అరువు తెచ్చుకున్న ఏటీఎస్-6 ఉపగ్రహంతో ఇస్రో ‘సైట్’ అనే ప్రయోగం మొదలుపెట్టింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లు. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఊళ్లూ ఉన్నాయి, కార్యక్రమాలు తెలుగులోనే వచ్చేవి. పంచాయతీ ఆఫీసు దగ్గరో బడి వరండాలోనో టీవీ పెట్టె, బయట కోళ్ల గూటికి వాడేలాంటి వలతో చేసిన పెద్ద గొడుగు. వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల పాఠాలు, కాస్త పాటా ఆటా. చూసినవాళ్లెవరూ రూపాయి ఇవ్వలేదు. 1976 జులై 31తో గడువు తీరింది, ఉపగ్రహం వెళ్లిపోయింది. ఆ ఊళ్లలో చాలావాటికి మళ్లీ టీవీ రావడానికి ఏళ్లు పట్టింది.

1977 అక్టోబరులో హైదరాబాద్ దూరదర్శన్ ప్రసారాలు మొదలయ్యాయి. అప్పట్లో టీవీకి పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల్సి వచ్చేది, ఎనభైల నడుమలో అది ఎత్తేశారు. వారానికో సినిమా, శుక్రవారం సినిమా పాటల ‘చిత్రలహరి’. టీవీ ఉన్న ఇంటివాళ్లు ఆ పూట తలుపు వేసుకుంటే ఊరంతా తప్పు పట్టేది.

ఇక అసలు కథ. వారానికొక్క సినిమా సరిపోని జనానికి డెక్కు దొరికింది. వీసీఆర్ అన్న పేరు కొట్టు బోర్డు మీదే, నోట్లో మాత్రం అది డెక్కే. పండక్కో పెళ్లికో వీధిలో చందాలు వేసుకుని ఒక రాత్రికి టీవీ, డెక్కు, మూడు క్యాసెట్లు అద్దెకు తెచ్చేవాళ్లు. మొదట భక్తి సినిమా, పెద్దవాళ్లు కునికిపాట్లు పడే వేళకు కొత్త సినిమా, తెల్లవారుజామున మిగిలింది. చందా ఇచ్చినవాళ్లూ ఇవ్వనివాళ్లూ ఒకే చాప మీద కూర్చునేవారు. ఎవరూ ఎవర్నీ లేవమనలేదు.

డెక్కుతో పాటు కొట్టు నుంచి ఒక కుర్రాడు వచ్చేవాడు. ఆ రాత్రికి అతనే మహారాజు. బొమ్మ చెదిరితే ‘ట్రాకింగ్’ మీట తిప్పేవాడు. అయినా కుదరకపోతే మూత విప్పి, స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో హెడ్డు తుడిచేవాడు. జనం ఊపిరి బిగబట్టి చూసేవారు. క్యాసెట్ వెనక్కి తిప్పి ఇవ్వకపోతే కొట్టతను అదనంగా వసూలు చేసేవాడు. చూడగా చూడగా అరిగిపోయిన టేపు అడుగున తెల్లటి గీతలు పాకేవి. ఇవాళ ఫోన్లో మీరు చూస్తున్న గీతలు కొన్ని ఆ అరుగుదలవే. ఎవరో ఎక్కడో ఆ టేపుని కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు అవీ బొమ్మతో పాటు ఎక్కాయి.

ఆ క్యాసెట్లు చేసి అమ్మే కంపెనీలు నిర్మాతల దగ్గర ‘వీడియో హక్కులు’ కొనేవి. థియేటర్లో ఆడి వెళ్లిపోయిన పాత సినిమాకు మళ్లీ డబ్బు వస్తుందని అప్పుడు ఊహించినవాళ్లు తక్కువ. డబ్బాల్లో బూజు పట్టే బదులు ఎంతో కొంతకు పోతే చాలనుకుని రాసిచ్చేశారు. దొంగ క్యాసెట్లు కూడా అప్పుడే పుట్టాయి. 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించి, ప్రతి వీడియో క్యాసెట్ మీదా హక్కుదారు పేరు, సెన్సారు వివరాలు చూపించి తీరాలన్నారు. సినిమాకు ముందు వచ్చే ఆ హెచ్చరిక అక్షరాలు, మూలన కూర్చున్న ఆ ముద్ర అసలు క్యాసెట్‌కు గుర్తయ్యాయి.

తొంభైలలో కేబుల్ వచ్చింది. 1995లో జెమిని, అదే ఏడాది ఆగస్టులో ఈటీవీ మొదలయ్యాక ‘శాటిలైట్ హక్కులు’ అన్న మాట వాడుకకెక్కింది, పాత సినిమాకు మళ్లీ ధర పలికింది. ఆ ముచ్చట వేరే వ్యాసానికి సరిపోయేంత ఉంది. మనకు కావలసింది క్యాసెట్ కంపెనీలు ఏమయ్యాయన్నది. అవి వీసీడీకి మారాయి. ఒక వీసీడీలో దాదాపు 74 నిమిషాలే పడతాయి కాబట్టి మన సినిమా రెండు డిస్కులు, పెద్దదైతే మూడు. ఇప్పటి పెద్ద టీవీలో ఆ సినిమాలు పెడితే మొహాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలు, వీసీడీ పట్టగలిగిందే అంత.

2005లో యూట్యూబ్ పుట్టింది. తెలుగు సినిమా కోసం అందులో మొదట వెతికినవాళ్లలో మన విదేశీ తెలుగువాళ్లు ముందున్నారు. అమెరికాలో వాళ్లకు తెలుగు సినిమా అంటే ఇండియన్ కిరాణా కొట్టులో కందిపప్పు పక్కన అద్దెకు పెట్టిన క్యాసెట్. ఆ కొట్టుకు వెళ్లాలంటే గంట డ్రైవు. సినిమా నెట్‌లో దొరికితే అంతకన్నా ఏం కావాలి? కానీ 2006 నుంచి యూట్యూబ్‌లో ఒక వీడియో పది నిమిషాలు దాటకూడదు. 2010లో అది పదిహేనుకు పెంచి, ఆ ఏడాది చివర్లో కొందరికి ఆ హద్దు తీసేశారు. అందాకా రెండున్నర గంటల సినిమాను పదిహేను ముక్కలు చేసి పెట్టేవారు. ‘పార్ట్ 1/15’ అని మొదలయ్యేది. ఆరో ముక్క అయిపోగానే ఏడోది వెతుక్కోవాలి. ఏడోది ఉండేది కాదు, ఎవరో తీసేసేవారు. హీరో తమ్ముడు ఎందుకు చనిపోయాడో తెలియకుండానే ఎనిమిదో ముక్కలో అతని ఫొటోకు దండ కనిపించేది. అలా చూసినవాళ్లు ఇప్పటికీ ఆ సినిమా కథ అడిగితే మధ్యలో ఆగిపోతారు.

హద్దు పోయాక మన వోల్గా వీడియో, షాలిమార్, శ్రీ బాలాజీ వీడియో లాంటి పాత క్యాసెట్, వీసీడీ పేర్లే యూట్యూబ్ చానళ్లుగా ప్రత్యక్షమయ్యాయి. బీరువాలో ఉన్న సరుకే, కొట్టు మారింది. మీరు చూసే సినిమా మధ్యలో సబ్బు ప్రకటన వస్తే, ఆ ప్రకటన ఆదాయంలో 55 శాతం చానల్‌కు వస్తుంది. మిగతాది యూట్యూబ్‌ది. మీరు రూపాయి ఇవ్వకపోయినా ఆ ప్రకటన చూసిన మీ సమయానికి సబ్బు కంపెనీ డబ్బిచ్చింది. నా దృష్టిలో ఇది పాత చాప లెక్కే. చందా వేరేవాళ్లు కట్టారు, మనం కూర్చున్నాం.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఎనభైలలో క్యాసెట్ కోసం రాసిచ్చిన హక్కు ఇంటర్నెట్‌కు వర్తిస్తుందా? 2012లో కాపీరైటు చట్టాన్ని మళ్లీ సవరించి, ఒప్పందం నాటికి లేని మాధ్యమానికి ఆ ఒప్పందం వర్తించదు, దాన్ని పేరుపెట్టి రాసుంటే తప్ప, అన్నారు. అదే సవరణ పాట రాసినవాళ్లకూ బాణీ కట్టినవాళ్లకూ థియేటరు బయటి వాడకంలో రాయల్టీ వాటాను, వారసులకో కాపీరైటు సంఘానికో తప్ప ఎవరికీ రాసివ్వలేని హక్కుగా చేసింది. ఎన్ని దశాబ్దాలు ఆలస్యమైనా మంచి పని.

హక్కుకు కూడా ఆయుష్షు ఉంటుంది. మన చట్టంలో సినిమాకు అది విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. ‘గుండమ్మ కథ’ 1962లో విడుదలైంది కాబట్టి సినిమాగా దాని లెక్క 2022 డిసెంబరు 31తో తీరింది. అయితే అందులోని పాటల లెక్క వేరు. రాసినవారు పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు, కాబట్టి ఆయన సాహిత్యానికి 2031 దాకా హక్కుంది. ఘంటసాల 1974లో వెళ్లిపోయారు, ఆయన బాణీలకు 2034 దాకా. గుండమ్మగా సూర్యకాంతం గయ్యాళితనం అందరి ఉమ్మడి ఆస్తి అయినా, వెనక వినిపించే పాట ఇంకా కాలేదన్నమాట.

ఉచితంగా చూపిస్తే సినిమా విలువ పోతుందని అనేవాళ్లకు నేనో ఉదాహరణ చెబుతాను. నాగార్జున ‘మాస్’ సినిమాను గోల్డ్‌మైన్స్ సంస్థ ‘మేరీ జంగ్: వన్ మ్యాన్ ఆర్మీ’ అని హిందీలోకి డబ్ చేసింది. టీవీలో అది పట్టిన పట్టు చూసి వరసగా తెలుగు సినిమాలు కొనడం మొదలుపెట్టింది. వాటిని యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టింది. అల్లు అర్జున్ ‘సరైనోడు’ హిందీ బొమ్మను జనం కోట్ల సార్లు చూశారు. బిహార్‌లో, ఉత్తరప్రదేశ్‌లో తెలుగు ఒక్క ముక్క రాని కుర్రాళ్లు మన హీరోల ఫైట్లు కంఠస్థం చేశారు. 2024 నవంబరులో ‘పుష్ప 2’ ట్రైలర్‌ను హైదరాబాద్‌లో కాకుండా పట్నా గాంధీ మైదానంలో విడుదల చేశారు. అంతమంది అక్కడికి ఊరికే రాలేదు, పదేళ్లుగా ఫోన్లో ఉచితంగా చూసి చూసి వచ్చారు.

దొంగ బొమ్మ సంగతి వేరు. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ విడుదలకు కొద్ది రోజుల ముందే గంటన్నర సినిమా నెట్‌లోకి వచ్చేసింది. కృష్ణా జిల్లా పెడనలో సీడీలు అమ్ముతుంటే పోలీసులు పట్టుకున్నారు. సినిమాను 27వ తేదీనే హడావిడిగా విడుదల చేశారు, జనం ఆదరించి గట్టెక్కించారు. అన్ని సినిమాలకూ ఆ అదృష్టం ఉండదు. 2023 నాటి సినిమాటోగ్రాఫ్ చట్ట సవరణతో థియేటర్లో దొంగతనంగా చిత్రీకరిస్తే మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, మూడు లక్షలకు తగ్గని జరిమానా. 2025 నవంబరులో ‘ఐబొమ్మ’ అనే దొంగ సినిమాల సైటు నడిపాడన్న ఆరోపణపై హైదరాబాద్ పోలీసులు ఒకతన్ని అరెస్టు చేసినప్పుడు సానుభూతి మాటలు చాలా విన్నాను. టికెట్టు ధరల మీద కోపం నాకూ ఉంది, నలుగురున్న కుటుంబానికి థియేటరు బరువే. కానీ ఆ సైట్లో సినిమా నడిచినంతసేపు లైటు బాయ్‌కు గానీ, పాట రాసినతనికి గానీ, ఎడిటరుకు గానీ ఒక్క పైసా చేరే దారి లేదు. డబ్బు మాత్రం నడిపేవాడికి వస్తుంది. దాన్ని ఉచితం అని పిలవడానికి నాకు మనసొప్పదు.

దారులు లేక కాదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక ప్రకటనలతో ఉచితంగా చూపించే వేదికలు బాగా పెరిగాయి. ఎంఎక్స్ ప్లేయర్‌లో డబ్బింగ్ సీరియళ్లు, సినిమాలు దొరుకుతాయి. ప్రసార భారతి 2024 నవంబరులో ‘వేవ్స్’ యాప్ తెచ్చింది. ఇప్పటికీ అన్నిటికన్నా పెద్ద గని మాత్రం ఆ పాత క్యాసెట్ కంపెనీల చానళ్లే. చూసే ముందు ఒక్కటి గమనించండి. చానల్ పేరు కింద వందల సినిమాలు ఏళ్ల తరబడి నిలిచి ఉంటే హక్కుదారు పెట్టినవై ఉండే అవకాశం ఎక్కువ. నిన్న పుట్టి, నిన్ననే విడుదలైన సినిమా పెట్టిన చానల్‌నో, టెలిగ్రామ్ లింకునో నమ్మకండి.

చివరగా ఒక మనవి. తెలుగు సినిమాలు ఇంకా ఎన్నో ఏ చానల్లోనూ లేవు, ఏ యాప్‌లోనూ లేవు. మీ అటక మీద పాత క్యాసెట్ల పెట్టె ఉంటే చెత్తబండికి వేయకండి. అందులో ఒకటి ఇక ఎక్కడా దొరకని సినిమా కావచ్చు. పాత ప్రింట్లు, వాల్‌పోస్టర్లు, థియేటరు దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు ఉన్నవాళ్లు పుణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు ఉత్తరం రాయండి. 1964 నుంచి అలాంటివి సేకరించి భద్రపరచడమే వాళ్ల పని.