పెన్షన్, ఈఎస్ఐ, చందా పథకం: ఏది ఎవరికి?

ముసలితనం, జబ్బు, ప్రమాదం, ఇంటి పెద్ద మరణం వల్ల సంపాదన ఆగితే కుటుంబానికి అందే ఆసరానే సామాజిక భద్రత అంటారు. మేడ్చల్, శామీర్‌పేట వైపు ఒకే ఇంట్లో ఒకరు ఫ్యాక్టరీకి పోతే, ఒకరు ఆటో నడుపుతారు, ఇంకొకరు కుట్టుపని చేస్తారు. ముగ్గురికీ దారి ఒకటి కాదు. ముఖ్యంగా మూడు పద్ధతులు ఉన్నాయి.

సర్కారు పెన్షన్: చందా కట్టే పని లేదు. తెలంగాణలో ఆసరా పథకం 2014 నవంబర్‌లో మొదలైంది. వృద్ధులు, వితంతువుల పెన్షన్‌ను 2019లో రూ.1,000 నుంచి రూ.2,016కి పెంచారు. ఆ తర్వాత వృద్ధుల వయసు 57 ఏళ్లకు తగ్గించారు. ఎన్నడూ చందా కట్టనివారికీ అందడం దీని బలం. కానీ వృద్ధాప్య పెన్షన్ ఇంట్లో ఒక్కరికే. ఎంత పెంచాలి, ఎప్పుడు పెంచాలి అనేది సర్కారు చేతిలోనే ఉంటుంది.

ఈఎస్ఐ: నెల జీతం రూ.21,000 లోపు ఉన్న ఉద్యోగులకు. కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. రూ.15,000 జీతంపై కార్మికుడికి కోత సుమారు రూ.113 మాత్రమే. కుటుంబానికి వైద్యం, జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల వరకు 70 శాతం జీతం వస్తాయి. పనిలో ప్రమాదం వల్ల చనిపోతే ఆధారపడినవారికి నెలనెలా డబ్బు అందుతుంది. అయితే పేరు రికార్డులో ఉంటేనే ఇదంతా. కాంట్రాక్టర్ కింద పనిచేసేవారు జీతం స్లిప్, ఇన్సూరెన్స్ నంబర్ తప్పక చూసుకోవాలి.

చందా పెన్షన్: ఆటో డ్రైవర్లు, దర్జీలు, తోపుడుబండ్లవారి కోసం కేంద్రం 2019లో శ్రమ్ యోగి మాన్‌ధన్ తెచ్చింది. 18–40 ఏళ్ల వయసు, నెలకు రూ.15,000 లోపు ఆదాయం ఉండాలి. వయసును బట్టి నెలకు రూ.55 నుంచి రూ.200 కడితే కేంద్రం అంతే కలుపుతుంది. 60 దాటాక నెలకు రూ.3,000 వస్తుంది. ఈఎస్ఐ, పీఎఫ్ ఉన్నవారు చేరలేరు.

అసలు చిక్కు నడుమ వయసువారిది. మాన్‌ధన్‌లో చేరకుండా 40 దాటిన ఆటో డ్రైవర్‌కు ఈఎస్ఐ లేదు, వృద్ధాప్య పెన్షన్‌కు 57 నిండాలి. ఆరోగ్యశ్రీ ఆస్పత్రి ఖర్చు చూస్తుంది గానీ పోయిన రోజు కూలీ ఇవ్వదు. అప్పుడు జకాత్ ఆదుకుంటుంది, కానీ అది ప్రతి నెలా తప్పక వస్తుందన్న భరోసా లేదు. అందుకే ఇంట్లో 40 లోపు ఉన్నవారు వయసు దాటకముందే లెక్క చూసుకోవడం మంచిది.