నెల సరుకులు - రోజు కూలి: ఫిలింనగర్ శ్రామిక కుటుంబాల గృహవ్యయం, ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

నెల మొదట్లో ఇంటికి కావలసిన సరుకులకు చిట్టా రాసి, దానికి ఒక మొత్తం కేటాయించి, ఆ మొత్తం దాటకుండా నెలంతా గడపడం తెలుగు మధ్యతరగతి గృహనిర్వహణలో స్థిరపడిన పద్ధతి. ఇది నెల జీతంతో పుట్టిన పద్ధతి. నెల జీతం లేని సినీశ్రామికుల ఇళ్లలో ఈ పద్ధతికి ఏ ఆధారం మిగిలిందన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న. మద్రాసు స్టూడియోల జీతాల కాలం నుంచి 2025 వేతన ఒప్పందం వరకు ఈ ప్రశ్నను అనుసరించి, సరుకుల లెక్క తప్పడానికి కారణం ఇల్లాలి పొదుపులో కాక పనిదినాల అనిశ్చితిలో ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వెచ్చం, బత్తెం, నెల సరుకులు, సినీశ్రామికులు, కృష్ణానగర్, ఆహారభద్రత కార్డు, కాల్‌షీట్.

1. వెచ్చం, జీతం, బత్తెం

తెలుగులో ఖర్చుకూ వంటసామగ్రికీ ఒకే మాట ఉంది. సంస్కృత 'వ్యయం' నుంచి వచ్చిన 'వెచ్చం' ఈ రెండర్థాల్లోనూ నిలిచింది. వెచ్చించడమంటే ఖర్చుపెట్టడం, వెచ్చాలు తెచ్చుకోవడమంటే ఉప్పు, పప్పు, చింతపండు తెచ్చుకోవడం. ఇంటి వ్యయంలో అధికభాగం తిండికే పోయిన కాలం ఈ పదంలో దాగి ఉంది. ఆదాయం తగ్గేకొద్దీ అందులో ఆహారం వాటా పెరుగుతుందని జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లో సూత్రీకరించాడు. తెలుగు పదం ఆ సంగతిని అంతకుముందే తన అర్థంలో ఇముడ్చుకుంది.

'జీతం' అనే మాట 'జీవితం' నుంచి వచ్చింది. 'బత్తెం' రోజువారీ తిండి ఖర్చుకు ఇచ్చే మొత్తం. సినిమారంగంలో నేటికీ వినిపించే 'బత్తా' దీనికి దగ్గరి మాటే. ఒకటి బతుకంతటికీ పూచీ పడుతున్నట్లు ధ్వనిస్తే, రెండోది ఆ పూట వరకే పూచీ పడుతుంది. ఈ వ్యాసంలో చర్చించే చరిత్ర చాలావరకు ఈ రెండు మాటల మధ్య దూరానికి సంబంధించినదే.

నెల సరుకుల పద్ధతిని అనాదిగా వస్తున్నదిగా భావించడం పొరపాటు. వ్యవసాయ కుటుంబానికి లెక్క ఏడాదిది. పంట రాగానే గింజలు గాదెకెక్కేవి. వేసవిలో మిరపకాయలు, చింతపండు, ఊరగాయలు ఏడాదికి సరిపడా సిద్ధం చేసుకొనేవారు. కూలి కుటుంబానికి లెక్క రోజుది. సాయంత్రం కూలి చేతికి వస్తేనే పొయ్యి వెలిగేది. నెల లెక్కను ఇంటికి తెచ్చినవి కచేరీ, బడి, రైల్వే, మిల్లు, బ్యాంకు ఉద్యోగాలు. ఒకటో తారీఖు, సరుకుల చిట్టా, పద్దుల పుస్తకం వీటి వెంట వచ్చాయి. పద్దుల పుస్తకం రాసే ఇల్లాలి నేర్పును ప్రశంసించేటప్పుడు ఆ పుస్తకంలో జమ పద్దు ప్రతినెలా ఒకే అంకెగా ఉండేదన్న విషయాన్ని మరచిపోకూడదు.

2. స్టూడియోలలో ఒకటో తారీఖు

తెలుగు సినిమా మద్రాసులో ఉన్న తొలి దశలో ఈ ఒకటో తారీఖు స్టూడియోలలోనూ ఉండేది. ఎస్.ఎస్. వాసన్ నడిపిన జెమినీ, బి. నాగిరెడ్డి - చక్రపాణి నిర్వహించిన విజయా వంటి సంస్థలు సాంకేతికులను, కార్మికులను, కొంతమంది నటీనటులను సైతం నెల జీతంపై నియమించుకొన్నాయి. 'పాతాళభైరవి' (1951) నాటికి ఎన్.టి. రామారావు విజయా సంస్థలో నెలకు 500 రూపాయల జీతం, చిత్రానికి 5,000 రూపాయల పారితోషికం అనే ఒప్పందంపై పనిచేశారన్నది ప్రసిద్ధ విషయం. కథానాయకుడి జీతానికీ వడ్రంగి జీతానికీ పోలిక లేదు. అయితే ఆ రోజు షూటింగ్ ఉన్నా లేకపోయినా జీతం ఆగదన్న ఒక్క అంశంలో వారిద్దరూ ఒకే వ్యవస్థలోని వారు.

ఈ వ్యవస్థ క్రమంగా సడలింది. స్టూడియో చిత్రనిర్మాత స్థానం నుంచి తప్పుకొని, అద్దెకు ఇచ్చే స్థలంగా మారింది. నిర్మాత ఒక్కో చిత్రానికి మనుషులను సమకూర్చుకొని, చిత్రం ముగియగానే విడిచిపెట్టే పద్ధతి స్థిరపడింది. పరిశ్రమ హైదరాబాదుకు తరలిన కాలానికి ఇదే సాధారణ పద్ధతి. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభమైంది. పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు ఆ పరిసరాల్లోనే వెలిశాయి. స్టూడియోలు హైదరాబాదుకు వచ్చాయి గానీ, మద్రాసు స్టూడియోల నెల జీతం వాటి వెంట రాలేదు.

3. గుట్ట మీద, గుట్ట కింద

జూబ్లీహిల్స్ సహకార గృహనిర్మాణ సంఘం ద్వారా ఏర్పడిన నివాసప్రాంతం. దాని అంచున ఫిలింనగర్, దిగువన కృష్ణానగర్, ఇందిరానగర్, యూసుఫ్‌గూడ. స్టూడియోకు తెల్లవారుజామునే చేరవలసిన లైట్‌మన్, సెట్ వడ్రంగి, మేకప్ సహాయకుడు, ప్రొడక్షన్ బాయ్, జూనియర్ ఆర్టిస్టు నడకదూరంలో ఉండవలసిన అవసరమే కృష్ణానగర్ ఇరుకు గదులను నింపింది. ఆ ఇరుకును, అక్కడి ఎదురుచూపును పూరి జగన్నాథ్ 'నేనింతే' (2008) తెరకెక్కించింది. తరువాత మణికొండ వైపు సినీకార్మికులకు చిత్రపురి కాలనీ ఏర్పడింది. సొంతగూడు దక్కినవారికి అద్దె తప్పింది, పనికి వెళ్లే దూరం పెరిగింది.

ఈ ఇళ్లలో రెండు కాలగణనలు ఒకేసారి నడుస్తాయి. ఇంటి అద్దె నెలది, కరెంటు బిల్లు నెలది, చీటీ వాయిదా నెలది. కూలి మాత్రం కాల్‌షీట్‌ది. అద్దెను వాయిదా వేయడం కష్టం, చీటీ ఆపితే మాట పోతుంది. చివరికి కుదించడానికి వీలయ్యేది సరుకుల మొత్తమే. మధ్యతరగతి ఇంట్లో సరుకుల మొత్తాన్ని ముందు నిర్ణయించి మిగిలిన ఖర్చులను దాని చుట్టూ సర్దుతారు. ఇక్కడ మిగిలిన ఖర్చులు పోగా మిగిలినదే సరుకుల మొత్తం. అందుకే చిట్టా రాసి ఒకేసారి తెచ్చుకోవడానికి బదులు పావుకిలో పప్పు, చిన్న నూనె ప్యాకెట్, రూపాయల లెక్కన పోపు దినుసులు కొనడం జరుగుతుంది. చిల్లరగా కొన్న సరుకు కిలో లెక్కన ఎక్కువ ధర పడుతుందన్న సంగతి కొనేవారికి తెలియనిది కాదు. టోకున కొనడానికి చేతిలో ఒకేసారి డబ్బు ఉండాలి.

ఆర్థికగణాంకాలు పట్టించుకోని మరో విశేషం ఉంది. షూటింగ్ ఉన్న రోజున పనివారికి ఫలహారం, మధ్యాహ్న భోజనం నిర్మాణసంస్థే పెడుతుంది. అంటే నెలలో 15 రోజులు పని దొరికితే 30 పూటల తిండి ఇంటి లెక్కలోకి రాదు. పని లేని రోజున కూలీ రాదు, ఆ రెండు పూటల తిండీ ఇంటి పొయ్యి మీదికే వస్తుంది. ఒకే రోజు ఆదాయం తగ్గి వ్యయం పెరగడం జీతగాడి ఇంట్లో అరుదు. ఇక్కడ అది ప్రతివారం జరిగేదే. ఈ సర్దుబాటు చేసేది ఎక్కువగా గృహిణులే. కిరాణా కొట్టులో ఖాతా వారి మాట మీదే నడుస్తుంది. ఆ ఖాతాను అప్పుగా మాత్రమే చూడడం సరికాదు. ఎగుడుదిగుడు కూలిని సమానమైన నెలగా మార్చే పని ఒకప్పుడు స్టూడియో చేసింది, ఇప్పుడు కొట్టు యజమాని చేస్తున్నాడు. దానికి ప్రతిఫలంగా ధర బేరమాడే హక్కును, మరో కొట్టుకు వెళ్లే స్వేచ్ఛను ఆ ఇల్లాలు వదులుకొంటుంది.

4. ప్రభుత్వం రాసిన చిట్టా

ఆంధ్రప్రదేశ్‌లో పేదల నెల సరుకులను రాజకీయాల కేంద్రస్థానానికి తెచ్చిన వ్యక్తి సినిమారంగం నుంచి రావడం యాదృచ్ఛికం కావచ్చు, కానీ గమనింపదగినది. 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయిన ఎన్.టి. రామారావు కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని ఆ ఏడాదే అమలుచేశారు. ఏటా 6,000 రూపాయల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి నెలకు గరిష్ఠంగా 25 కిలోలు. ఆ ఆదాయపరిమితిని నెలకు లెక్కిస్తే 500 రూపాయలు. విజయా సంస్థలో ఆయనకు ముట్టిన నెల జీతం అంకె కూడా అదే. రెండింటి మధ్య మూడు దశాబ్దాల ధరల పెరుగుదల ఉన్నందున పోలికను అంతకుమించి సాగదీయకూడదు. పథకం ప్రభావాన్ని మాత్రం ఈ అంకె చక్కగా పట్టిస్తుంది. 25 కిలోల బియ్యం 50 రూపాయలకు వస్తే, పరిమితి అంచున ఉన్న కుటుంబానికి బియ్యం ఖర్చు ఆదాయంలో పదోవంతు వద్ద నిలిచిపోయింది. నెల బడ్జెట్‌లో ఒక్క పద్దు అయినా కదలకుండా ఉండడమంటే ఇదే.

2013 ఉగాదికి మొదలైన 'అమ్మహస్తం' మరింత ఆసక్తికరమైనది. 185 రూపాయలకు తొమ్మిది సరుకులు: కందిపప్పు, పామోలిన్ నూనె, గోధుమపిండి, గోధుమలు, పంచదార, ఉప్పు, కారం, చింతపండు, పసుపు. ఒక తెలుగింటి చిట్టాను ప్రభుత్వమే కూర్చొని రాసినట్లుంటుంది ఈ జాబితా. చింతపండు లేకుండా పప్పుచారు లేదని గుర్తించిన పథకం ఇది. ఎక్కువ కాలం నిలవకపోవడం వేరే సంగతి. తెలంగాణలో 2025 ఉగాదికి సన్నబియ్యం పంపిణీ ప్రారంభమై, మనిషికి నెలకు ఆరు కిలోలు అందుతున్నాయి. రేషన్ దొడ్డుబియ్యాన్ని తక్కువ ధరకు అమ్మి, దానికి మరికొంత కలిపి సన్నబియ్యం కొనుక్కొన్న ఇళ్లలో ఈ మార్పు విలువ కిలోల లెక్కకు మించినది.

రేషన్ కార్డు ఒక చిరునామాకు కట్టుబడి ఉంటుంది. కృష్ణానగర్‌కు వచ్చినవారిలో గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల వారూ ఉన్నారు. మనిషి ఇక్కడ, కార్డు అక్కడ. ఒకే దేశం - ఒకే రేషన్ కార్డు విధానంలో భాగంగా 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య కార్డు బదలాయింపు సౌలభ్యం ప్రయోగాత్మకంగా మొదలుకావడం ఇటువంటి వలసకుటుంబాల విషయంలో కీలకమైన మలుపు.

5. తెర మీది పద్దు

గృహవ్యయాన్ని తెలుగు సినిమా తరచుగా హాస్యవస్తువుగా స్వీకరించింది. జంధ్యాల 'అహ నా పెళ్లంట' (1987)లో వేలాడదీసిన కోడిని చూస్తూ ఉత్త అన్నం తినే లక్ష్మీపతి తెలుగువారి స్మృతిలో పిసినారితనానికి పర్యాయపదమయ్యాడు. బాపు 'మిస్టర్ పెళ్లాం' (1993) ఇల్లు నడపడం, ఉద్యోగం చేయడం అనే రెండింటినీ భార్యాభర్తల పంతంగా మలిచి, ఇంటిచాకిరీ విలువను ప్రశ్నించింది. రెండూ మంచి చిత్రాలే. రెండింటిలోనూ జమ వైపు చింత లేదు. ఉన్నదాన్ని ఎలా ఖర్చుపెడతారన్నదే కథ. ఆ వంటింటి సెట్ వేసిన వడ్రంగి ఇంటి కథ దానికి భిన్నమైనది.

6. పని ఆగిన నెలలు

2020 మార్చిలో షూటింగులు నిలిచిపోయాయి. తెలంగాణ ప్రభుత్వం కార్డు ఉన్న కుటుంబాలకు మనిషికి 12 కిలోల బియ్యం ఉచితంగా, కుటుంబానికి 1,500 రూపాయలు ప్రకటించింది. చిరంజీవి చొరవతో ఏర్పడిన 'కరోనా క్రైసిస్ ఛారిటీ' పరిశ్రమలోని ప్రముఖుల విరాళాలతో సినీకార్మికుల ఇళ్లకు పలు విడతలుగా నిత్యావసర సరుకులు చేర్చింది. ఆ సహాయం విలువను తక్కువ చేయనక్కరలేదు. అయితే చారిత్రకంగా అందులో ఒక విచిత్రం ఉంది. నెల జీతం పోయిన దశాబ్దాల తరువాత, పరిశ్రమ తన పనివారికి మళ్లీ నెల లెక్కన అందించినది సరుకుల సంచి. అదీ పని పూర్తిగా ఆగినప్పుడు, దానంగా.

తరువాతి అంతరాయాలకు మహమ్మారి కారణం కాదు. 2022 జూన్‌లో వేతనాల పెంపు కోసం కార్మికులు పని ఆపారు. అదే ఏడాది ఆగస్టు 1 నుంచి, నిర్మాణవ్యయాన్ని అదుపుచేసుకోవడం కోసం నిర్మాతలే షూటింగులు నిలిపివేశారు. నిర్మాత తన బడ్జెట్‌ను సరిదిద్దుకొన్న ఆ నెలలో, కార్మికుడి ఇంటి బడ్జెట్‌కు జమ వైపు సున్నా మిగిలింది. 2025 ఆగస్టు 4న ఫెడరేషన్ 30 శాతం పెంపు కోరుతూ సమ్మెకు దిగింది. రాష్ట్ర కార్మికశాఖ మధ్యవర్తిత్వంతో ఆగస్టు 21న ఒప్పందం కుదిరింది. రోజుకు 2,000 రూపాయల లోపు వేతనం ఉన్నవారికి మూడేళ్లలో వరుసగా 15, 2.5, 5 శాతం. 2,000 నుంచి 5,000 వరకు ఉన్నవారికి 7.5, 5, 5 శాతం. ప్రభుత్వోద్యోగికి ధరల సూచీని అనుసరించి కరవు భత్యం పెరుగుతుంది. సినీకార్మికుడికి ధరలు పెరిగిన సంగతిని మూడేళ్లకొకసారి చర్చల బల్ల వద్ద నిరూపించవలసి వస్తుంది.

ఈ పెంపు సరుకుల చిట్టాకు ఎంతవరకు చేరుతుందో తెలుసుకోవడానికి ఒక ఊహాత్మక గణన చేయవచ్చు. రోజుకు 1,000 రూపాయల వేతనం, నెలకు 15 రోజుల పని ఉన్న కార్మికుడికి నెలకు 15,000 రూపాయలు వస్తాయి. 15 శాతం పెంపుతో రోజువేతనం 1,150 అవుతుంది. నిర్మాణవ్యయం పెరిగిందన్న కారణంతో పనిదినాలు 12కు తగ్గితే వచ్చేది 13,800. వేతనం పెరిగి ఆదాయం తగ్గింది. పైగా ఆరు పూటల భోజనం ఇంటి లెక్కలోకి చేరింది. 2023-24 కేంద్ర గృహవ్యయ సర్వే ప్రకారం పట్టణ భారతంలో సగటు మనిషి నెల వ్యయం 6,996 రూపాయలు, అందులో ఆహారానిది దాదాపు 40 శాతం. నలుగురున్న ఇంటికి ఆహారవ్యయమే 11,000 రూపాయలు దాటుతుంది. సగటు పట్టణ కుటుంబం తిన్నట్లు తింటే ఈ కార్మికుడి ఇంట అద్దెకు మిగిలేది 3,000 కూడా కాదు.

పనిదినాలు తగ్గకుండా 15 రోజులే నిలిచాయనుకొంటే నెలకు 17,250, ఏడాదికి 2,07,000 రూపాయలు. తెలంగాణ పట్టణప్రాంతాల్లో ఆహారభద్రత కార్డుకు వార్షికాదాయ పరిమితి రెండు లక్షలు. పెంపుకు ముందు 1,80,000తో అర్హతలో ఉన్న కుటుంబం, పెంపు తరువాత 7,000 రూపాయల తేడాతో కాగితం మీద అనర్హమవుతుంది. ఆ కార్డు మీద వచ్చేది నలుగురికి నెలకు 24 కిలోల సన్నబియ్యం. రోజువేతనాన్ని, ఏడాది ఆదాయాన్ని లెక్కలోకి తీసుకొన్న ఈ రెండు వ్యవస్థల్లో దేనిలోనూ నెల అనే కొలమానం లేదు. 2025 ఒప్పందంలో మూడేళ్ల శాతాలు ఉన్నాయి. నెలకు కనీసం ఎన్ని రోజుల పని దొరుకుతుందన్న అంకె మాత్రం లేదు.