పాత దూలము - క్రొత్త ఇల్లు

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలు చెప్పిరి. ఇల్లు విప్పి చూడుమని చెప్పలేదు. అయినను విప్పుటలోని కష్టమును, నేర్పును ఎరిగినవారు పూర్వము మన గ్రామములలో ఉండిరి. ఒక ఇంటి సామగ్రి వేరొక ఇంటికి పోవుట మనకు క్రొత్త కాదు. పాత కలప క్రొత్త ఇంటికి తగదని వాస్తు చెప్పువారు వారించినను, క్రొత్త కలప కొనజాలని గృహస్థు తన తాతలనాటి దూలమును విడిచిపెట్టలేదు.

పాత గోడలు సున్నముతో గాని మట్టితో గాని కట్టినవి. సున్నము ఇటుకకంటె మెత్తన గనుక, గునపముతో మెల్లగా కదల్చినచో ఇటుక విరుగక ఊడివచ్చును. సిమెంటు పట్టిన ఇటుక అట్లు రాదు. సిమెంటు విడువక ఇటుకయే పగులును. టేకు దూలము గోడలో దాగిన కొనలయందే ముందుగా చెడును. తేమయు చెదయు చేరునది అచటనే. వడ్రంగి దానిని తట్టి, చప్పుడు విని, చెడిన కొనలను కోసివేసి, లోపల దాగిన మేకులను ఏరివేసి, తక్కిన భాగమును వాడుకొనును. అందుచేత ఒక తరమున దూలమైనది మరియొక తరమున ద్వారబంధమగును. ద్వారబంధము కిటికీ అగును. తుదకు పుస్తకముల బీరువాలో పలక అగును. ఏండ్ల తరబడి ఆరిన కలప గనుక అది సులభముగా వంగదు.

ఈ వాడుకలో మెచ్చదగిన పొదుపు కలదు. కాని దానివలన కలుగు నష్టమునకు అమరావతియే నిదర్శనము. 18వ శతాబ్దము చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చింతపల్లి విడిచి అమరావతిలో క్రొత్త పట్టణము కట్టింపసాగెను. కట్టడములకు రాయి కావలసివచ్చెను. ధరణికోట చెంత దీపాలదిన్నె అను దిబ్బను త్రవ్వగా చెక్కిన పలకలు బయల్పడెను. అది బౌద్ధుల మహాస్తూపమని అప్పుడు తెలిసినవారు లేరు. 1797లో కర్నల్ మెకంజీ ఆ స్థలమును చూచెను. ఆయన 1816లో మరల వచ్చునప్పటికి పెక్కు పలకలు చెదరిపోయెను. అపుడు ఆయన తన సిబ్బందిచేత మిగిలినవానికి చిత్రములు వ్రాయించెను. పిదప నశించిన కొన్ని శిల్పములు ఎట్లుండెడివో ఆ చిత్రముల వలననే మనకు నేడు తెలియుచున్నది. మిగిలిన పలకలలో కొన్ని చెన్నపట్టణమునకును, కొన్ని లండనునకును చేరెను. ఒక్క స్తూపము పలు చోట్ల నున్నది!

తరువాతి కాలమువారు ఈ పాఠమును నేర్చిరి. నాగార్జునసాగరము క్రింద మునుగనున్న నాగార్జునకొండ లోయలో 1954 నుండి 1960 వరకు విస్తారముగా త్రవ్వకములు జరిగెను. ముఖ్యమైన కట్టడములలో కొన్నిటిని కొండమీదను, అనుపులోను తిరిగి నిలిపిరి. శ్రీశైలము జలాశయమున మునుగవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయికి సంఖ్య వేసి విప్పి, అలంపురమున మరల కట్టిరి. రాయి ఎచటిదో, దాని ప్రక్క రాయి ఏదో వ్రాసియుంచుటచేతనే అది సాధ్యమయ్యెను.

దేవాలయపు రాతికి సంఖ్య వేసిరి. సామాన్యుని గడపకు సంఖ్య వేయువాడెవ్వడు? మా పెంకుటిల్లు విప్పిననాడు మేమును దూలములను, తలుపులను భద్రపరచితిమి. ఒక ద్వారబంధముమీద ఏవో అక్షరములు చెక్కియుండెను. క్రొత్త గుమ్మమునకు నునుపుగా నుండవలెనని వడ్రంగితో చెప్పితిమి. అతడు చిత్రిక పట్టెను. అక్షరములు పొట్టుగా రాలినవి. అవి చదువగల పెద్దలు అప్పటికి మా ఇంట నుండిరి, మేము అడుగలేదు. ఇప్పుడు అడుగుటకు వారు లేరు. కలప దక్కినది, దాని కథ పోయినది. అమరావతి కూలీలను నిందించు అధికారము నాకు లేదు.

పాత మండువా ఇండ్లు నానాటికి విప్పబడుచున్నవి. వాని కలప అడితులకు పోవుచున్నది. స్తంభములు పట్టణపు మేడలకు అలంకారములగుచున్నవి. వానిని ఆపుట మన తరము కాకపోవచ్చును, ఆపవలెననియు నేననను. ఈ రజతోత్సవ సమయమున నా విన్నపమొక్కటే. మన గ్రంథాలయమున ఒక పుస్తకమును తెరిచియుంచుదము. గ్రామమున ఏ ఇల్లు విప్పినను, అది ఎవరు కట్టినది, దూలము ఏ ఇంటినుండి వచ్చినది, ఏ ఇంటికి పోవుచున్నది అందు వ్రాయుదము. ద్వారబంధముమీద అక్షరములున్నచో, చిత్రిక పట్టుటకు ముందు వానిని ఎత్తి వ్రాసికొందము. ఇందుకు ధనము అక్కరలేదు. ఒక కలము, ఒక పూట ఓపిక చాలును. ఇరువదియైదేండ్లుగా పరుల గ్రంథములను కాపాడిన ఈ ఆలయము ఇకమీదట మన ఇండ్ల కథలను కూడ కాపాడుగాక.