సాక్చి కర్మాగారం, జూబిలీ వజ్రం

ఒక అపురూప వస్తువు ఎవరెవరి చేతులు మారిందో వరుస తప్పకుండా తేల్చడమే యాజమాన్య చరిత్ర పరిశోధన. జూబిలీ వజ్రం ఇందుకు మంచి ఉదాహరణ.

ఈ వజ్రం 1895లో దక్షిణాఫ్రికాలోని యాగర్స్‌ఫాంటైన్ గనిలో దొరికింది. 1897లో విక్టోరియా రాణి పాలనకు 60 ఏళ్లు నిండిన సందర్భంగా దీనికి ఈ పేరు పెట్టారు. సానపట్టాక బరువు 245.35 క్యారట్లు. అంటే నేటి కోహినూరుకు రెట్టింపు పైనే. 1900లో ప్యారిస్ ప్రదర్శనలో ఉంచారు. ఆ తర్వాత సర్ దొరాబ్జీ టాటా కొని, భార్య మెహర్‌బాయికి కానుకగా ఇచ్చారు.

సాక్చిలో వెలసిన ఉక్కు కర్మాగారం 1912లో తొలి ఉక్కు దిమ్మెను పోసింది. 1919లో ఊరు జంషెడ్‌పూర్ అయింది. 1924 నాటికి జీతాలకే డబ్బు కరువైంది. దొరాబ్జీ ఈ వజ్రంతో సహా సొంత ఆస్తిని ఇంపీరియల్ బ్యాంకులో కుదువబెట్టి, కోటి రూపాయల అప్పు తెచ్చారు.

పరిశోధకుడు జాగ్రత్తపడవలసింది ఇక్కడే. కుదువబెడితే వస్తువు చేయి మారుతుంది గాని హక్కు మారదు. కనుక వజ్రాన్ని అమ్మి కర్మాగారాన్ని నిలిపారనడం పొరపాటు. మెహర్‌బాయి 1931లో, దొరాబ్జీ 1932లో మరణించాకే అది అమ్ముడైంది. ఆ ధనం దొరాబ్జీ ట్రస్టుకు చేరింది. బొంబాయిలో 1941లో టాటా స్మారక క్యాన్సర్ ఆస్పత్రిని నెలకొల్పింది ఆ ట్రస్టే.

రసీదు, ప్రదర్శన పట్టిక, తాకట్టు పత్రం, వీలునామా: ఒక్కొక్కటి ఒక్కో లంకెకు సాక్ష్యం. అయితే ఈ వరుసలో మొదటి చేయి గని కూలీది. యజమానుల పట్టికలో ఆ చేతికి చోటు లేదు.